గుర్రపుడెక్క తీశారు సరే, అడుగు బురద మాటేమిటి?

సంపాదకులకు,

పెందుర్తి దగ్గర మా చెరువులో గుర్రపుడెక్క తీయిస్తున్నారని మీ జిల్లా పేజీలో ఫొటోతో సహా వేశారు. సంతోషం. నిరుడు కూడా ఇలాగే పొక్లెయిన్ వచ్చింది, ట్రాక్టర్లు వచ్చాయి, నాయకులూ వచ్చారు. వానలు వెనకబట్టేసరికి చెరువంతా మళ్లీ కమ్మేసింది. తప్పంతా మురుగు కాలవదేనని అందరూ అంటున్నారు. అది సగం నిజం. మిగతా సగం అడుగున ఉంది.

నేను ఇనుప ఖనిజం పరీక్షించే ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి కేకే లైన్ (కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం) మీద విశాఖ వచ్చే ఖనిజంలో ఇనుమెంత, సిలికా ఎంత, భాస్వరమెంత అని తేల్చడం మా పని. భాస్వరం ఎక్కువైతే ఉక్కు పెళుసుబారుతుంది, కొనేవాడు ఊరుకోడు. మా చెరువు రోగంలోనూ ఈ ఇనుము, భాస్వరమే ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం.

మొన్న రేవులో వెదురు గెడ దింపి చూశాను. చివరన అంటుకొచ్చిన బురద గ్రీజులా నల్లగా, జిగురుగా ఉంది. కాస్త పళ్లెంలో వేసి నిమ్మకాయ పిండితే కుళ్లిన కోడిగుడ్డు కంపు. (మా ఆవిడ పళ్లేన్ని డాబా మీదికి తరిమింది, నన్ను కూడా.) మిగతాది ఎండలో పలచగా పరిచి వదిలేస్తే నలుపు విరిగి మట్టిరంగుకి తిరిగింది. ఆ నలుపు ఇనుము, గంధకం కలిసినది. గాలి తగిలితే తుప్పుగా మారుతుంది.

తుప్పుకి భాస్వరాన్ని పట్టుకునే గుణం ఉంది. అడుగున ఆక్సిజన్ ఉన్నంతకాలం మురుగుతో వచ్చిన భాస్వరంలో చాలాభాగం తుప్పునంటుకుని బురదలోనే పడుంటుంది. ఎండాకాలంలో పైనీళ్లు వేడెక్కి తేలుతాయి, కిందికి గాలి దిగదు. కుళ్లు తినే సూక్ష్మజీవులు ఉన్న ఆక్సిజన్ అవగొట్టి, తర్వాత నైట్రేటు, మాంగనీసు, తుప్పు, సల్ఫేటు మీద పడతాయి. తుప్పు కరిగితే అది పట్టుకున్న భాస్వరం నీళ్లలోకి వచ్చేస్తుంది. నాచుకీ గుర్రపుడెక్కకీ అదే ఎరువు. మోర్టిమర్ అనే ఆయన 1941, 42లలోనే ఇంగ్లండు సరస్సుల బురద మీద ఈ సంగతి చూపించాడు.

సముద్రాల కథా ఇదే, కాకపోతే పెద్దది. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందటి దాకా గాలిలో ఆక్సిజన్ లేనట్టే. ఇనుము సముద్రంలో కరిగే ఉండేది, అది తుప్పై అడుగుకి దిగి పొరలు పొరలుగా పేరుకుంది. బైలదిల్లా ఖనిజానికి మూలం అలాంటి రాయే. ఆ జాతి రాళ్లలో చిక్కిన భాస్వరాన్ని బట్టి నాటి సముద్రంలో ఎంత ఉండేదో 2002లో ఇద్దరు శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. దాని మీద వాదాలు నడిచాయి, అది వేరే సంగతి. మేం సర్టిఫికెట్‌లో కొనేవాడి కోసం రాసిన అంకెని వాళ్లు పాత సముద్రం కోసం చదివారు!

స్వీడన్‌లో ట్రుమ్మెన్ అనే చిన్న సరస్సుంది. 1950ల చివర్లో అందులోకి మురుగు పోకుండా మళ్లించారు. పదేళ్లు దాటినా నీళ్లు బాగుపడలేదు. 1970, 71లలో పై బురద తోడేశాకే తేరుకున్నాయి. మన దగ్గర మురుగూ ఆగలేదు, బురదా కదల్లేదు. కలుపు మాత్రం తీస్తున్నాం.

కాబట్టి ముందు కాలవ మళ్లించండి. ఆ తర్వాతే పూడిక, అదీ నల్ల బురద పోయి గట్టి మట్టి తగిలేదాకా. తీసింది గట్టు మీద పోస్తే మొదటి వానకే తిరిగి చెరువులో ఉంటుంది. వెనకటికి చెరువు మట్టి బళ్లకెత్తి పొలాలకి తోలుకునేవారు. ఇప్పుడూ తోలుకోవచ్చు గానీ, ఫ్యాక్టరీల ఊరు కదా, సీసం, కాడ్మియం ఉన్నాయేమో పరీక్షించాకే రైతుకివ్వాలి.

ఇంకొకటి. నీళ్ల శాంపిలుకి వచ్చిన కుర్రాడు మెట్ల మీద కూచుని పైనీళ్లు సీసాలో పట్టుకుపోయాడు. అది కూడా మిట్టమధ్యాహ్నం, నాచు ఆక్సిజన్ వదిలే వేళ. తెల్లవారకముందు, అడుగు నీళ్లు తీసి ఆక్సిజన్, భాస్వరం చూడాలి. ఆ అంకెలు గట్టు మీది బోర్డుకెక్కిస్తే బాగుంటుంది. ప్రస్తుతం దాని మీద ప్రారంభోత్సవానికి వచ్చినవారి పేర్లున్నాయి.

– ఒక రిటైర్డ్ కెమిస్టు, పెందుర్తి, విశాఖపట్నం