కంటి గాయం కొలత అందరిదీ ఒకటే కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

చీమకుర్తి క్వారీల్లో రాతి నలుసు పడో, దర్శి, కనిగిరి పొలాల్లో ఆకు కొస తగిలో నల్లగుడ్డు గీసుకుపోయినవాళ్లు ముందు దగ్గర్లోని డాక్టరుకు చూపిస్తారు. తగ్గకపోతే ఒంగోలు, ఆ పైన నెల్లూరు. ఒక చీటీలో ‘చిన్న అల్సర్’ అనీ, ఇంకోదాంట్లో ‘3 మి.మీ.’ అనీ ఉంటే పుండు మానుతోందో పెరుగుతోందో మూడో డాక్టరుకు ఎలా తెలుస్తుంది? మందు మార్చాలా వద్దా అన్నది దాన్నిబట్టే కదా. 3 మి.మీ. గుండ్రటి పుండును మరొకరు 3.5 అని రాస్తే, వైశాల్యం మూడో వంతుకు పైగా పెరిగినట్టు లెక్క.

తేడా ఎక్కువగా వచ్చేది కొలిచే దిక్కులోనే. కొందరు నిలువు, అడ్డం మాత్రమే కొలుస్తారు. 4 మి.మీ. పొడవు, 1 మి.మీ. వెడల్పున్న గీత సరిగ్గా ఏటవాలుగా ఉంటే ఆ పద్ధతిలో రెండువైపులా దాదాపు 2.9 వస్తుంది. కాగితం మీద అది గుండ్రటి పుండు, వైశాల్యం రెట్టింపు! స్లిట్ ల్యాంప్ (సన్నటి కాంతి గీత వేసి కన్నును పెద్దగా చూపే పరికరం) కాంతి గీతను గాయం వాలుకు తిప్పి, ముందు అన్నిటికన్నా పొడవైన కొలత, తర్వాత దానికి లంబంగా ఎక్కువ వెడల్పున్నచోట కొలత తీసుకోవాలి. కాంతి గీత పొడవును గాయం అంచులకు సరిపెట్టి ఆ పరికరం స్కేలు మీద అంకె చూడాలి. ఊరికే చూసి అంచనా వేయొద్దు.

గాయం మేరను రంగుతో చూపే ఫ్లోరెసిన్ కాగితపు స్ట్రిప్‌ను ఒక్క చుక్క సెలైన్‌తో తడిపి కింది రెప్ప లోపల తాకించి, రెప్పలు ఆర్పించి, నీలి కాంతిలో వెంటనే చూడాలి. ఆలస్యమైతే రంగు లోపలి పొరలోకి పాకి అంచు చెదురుతుంది, గాయం ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. రంగు ఎక్కువైనా అంతే.

పైపొర ఊడిన మేర, లోపల తెల్లగా చీము పట్టిన మేర వేర్వేరు. రెండూ విడివిడిగా కొలవాలి, బొమ్మలో మొదటిది ఆకుపచ్చ, రెండోది పసుపు రంగుతో గీయాలి. ఆకు, పుల్ల తగిలి వచ్చే ఫంగస్ పుండ్లలో ఆ తెలుపు అంచు ఈకల్లా చీలి ఉంటుంది. డాక్టర్ల మధ్య అక్కడా తేడా వస్తుంది. అంచు ఎక్కడిదాకా లెక్కవేశారో బొమ్మలో చూపితే గొడవ ఉండదు.

ప్రకాశం, నెల్లూరు జిల్లాల ప్రభుత్వ, ప్రైవేటు కంటి ఆసుపత్రులన్నీ రిఫర్ చీటీలో ఈ రెండు మేరల కొలతలు, బొమ్మ, చూసిన తేదీతోపాటు సమయం కూడా రాయాలని కోరుతున్నాం. ఇన్ఫెక్షన్ లేని చిన్న గీత ఒకటి రెండు రోజుల్లోనే పూడుతుంది కాబట్టి పొద్దుటి కొలతకూ సాయంత్రం కొలతకూ నిజంగానే తేడా ఉండొచ్చు.

— కొందరు నేత్ర వైద్య సిబ్బంది, ఒంగోలు