సరిగ్గా 17 చూపిస్తే కొంటారా, కొనరా?

సంపాదకుడు గారికి,

వడ్ల కొనుగోలు సెంటర్ల దగ్గర కట్టే ఫ్లెక్సీల మీద తేమ గురించి ఒకచోట ‘17 శాతం లోపు’ అని, ఇంకోచోట ‘17 శాతం మించరాదు’ అని కనిపిస్తుంది. రాసినవాళ్ల ఉద్దేశం ఒకటే కావచ్చు. కానీ మిషన్ సరిగ్గా 17 చూపించిన రైతు సంగతేమిటి? మొదటి మాట పట్టుకుంటే ఆ కుప్పను మళ్లీ ఆరబోయాలి, మబ్బు పడితే అదో టెన్షన్. రెండో మాట ప్రకారమైతే కాంటా పెట్టాల్సిందే. నిబంధన 17 వరకు తీసుకోమంటుంది. అంటే తేమ ≤ 17. గుర్తు కింద ఉన్న ఆ చిన్న గీతను ‘లోపు’ అనే మాట తుడిచేస్తోంది.

పత్తి దగ్గర ఇది ఇంకా ముఖ్యం. పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) 8 శాతం తేమ వరకు పూర్తి మద్దతు ధర ఇస్తుంది. 8 దాటి 12 వరకు ఉంటే ధర తగ్గిస్తుంది. 12 దాటితే కొనదు. తేమ ≤ 8, 8 < తేమ ≤ 12, తేమ > 12. ఇలా రాస్తే 8 ఎటు, 12 ఎటు అన్న వాదనే ఉండదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు బండి కట్టుకొచ్చే రైతుకు గుర్తులు అక్కర్లేదు. ‘8 వచ్చినా పూర్తి ధరే, 12 వచ్చినా కొంటాం’ అని రాస్తే చాలు.

లెక్కల టీచర్‌గా క్లాసులోనూ ఇదే చూస్తున్నాను. పిల్లలు తడబడేది లెక్క చేయడంలో కాదు, మాటను గుర్తుగా మార్చడంలో. ‘పాసవ్వాలంటే కనీసం 35 రావాలి’ అన్నదాన్ని రాయమంటే చాలామంది మార్కులు < 35 అని పెడతారు. కనీసం అనగానే చిన్నది అన్న ఆలోచన వస్తుంది. గరిష్ఠం అంటే దీనికి తిరగేసి రాస్తారు. ‘రవి కంటే 5 ఎక్కువ’ అంటే సమీకరణం, ‘5 కంటే ఎక్కువ’ అంటే అసమీకరణం; ఈ తేడా పదో తరగతి పిల్లలకు కూడా అందడం లేదు. సరిగ్గా 35 వస్తే పాసా, ఫెయిలా అని అడిగి చూడండి, వాళ్లే కొట్టేసి మార్కులు ≥ 35 అని దిద్దుకుంటారు. ముందు హద్దు దగ్గరి అంకెనే పెట్టి చూడమని ప్రతి టీచరూ నేర్పాలి.

ఓటు హక్కు గురించి రాజ్యాంగం 326వ అధికరణం ‘18 ఏళ్లకు తక్కువ కాని’ అంటుంది. అర్హత తేదీ నాటికి సరిగ్గా 18 నిండినవారికి ఓటు ఉందా అన్న అనుమానమే రాదు. మన ఆఫీసుల నోటీసులు కూడా అంత స్పష్టంగా ఉండాలి.

వచ్చే వానాకాలం వడ్లు సెంటర్లకు రాకముందే ఫ్లెక్సీల మీద ‘17 ఉన్నా కొంటాం’ అన్న మాట చేర్చాలని పౌర సరఫరాల శాఖను, జిల్లా అధికారులను కోరుతున్నాను.

– ఒక గణిత ఉపాధ్యాయుడు, హనుమకొండ