మెదడు లెక్కలోకి రాదా?

సంపాదకునికి,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో పర్లాకిమిడి ఊబకాయ శిబిరం వార్త వేశారు. గుండె, షుగరు, మోకాళ్లు అన్నీ వచ్చాయి. మెదడు ఊసే లేదు. మెడ పైన ఉంది కాబట్టి లెక్కలోకి రాలేదేమో!

పొట్టలో కొవ్వు ఊరికే కూర్చోదు. కొవ్వు కణాలు ఉబ్బుతాయి, కొన్ని చస్తాయి, చుట్టూ రోగనిరోధక కణాలు మూగుతాయి. టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 లాంటి రసాయన సంకేతాలు రక్తంలోకి దిగుతాయి. ఆకలిని చూసుకునే మెదడు భాగం హైపోథాలమస్ దగ్గర రక్తానికీ మెదడుకూ మధ్య అడ్డుగోడ కొంత పలచన. అక్కడ మైక్రోగ్లియా అనే కావలి కణాలు రెచ్చిపోతాయి. మెదడులో ఇన్‌ఫ్లమేషన్ అంటే ఇది, బుర్ర వాచిపోవడం కాదు. ఆ గోలలో 'ఇక చాలు' అని కొవ్వు పంపే లెప్టిన్ అనే హార్మోన్ కబురు సరిగా అందదు, మనిషి ఇంకా తింటాడు. నోరు కట్టుకోలేరా అని జనాన్ని కసిరే సిబ్బందికి ముందు ఈ పాఠం చెప్పాలి. కొవ్వు మేత పెట్టిన ఎలుకల్లో ఒళ్లు రాకముందే, మూడు రోజుల్లోపే ఇది మొదలైందని 2012లో ప్రచురించారు. మనుషుల్లో ఏది ముందో ఇంకా తేలాలి గానీ, నడివయసు ఊబకాయాన్ని డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముప్పు పెంచే 14 కారణాల్లో ఒకటిగా లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ 2024లో చేర్చింది.

మన శిబిరాల్లో ఉండేది తూకం మిషన్ ఒక్కటే. నడుము చుట్టుకొలతకు టేపు కొనడానికి టెండరు పిలవాలా? చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ నడుమ, ఊపిరి మామూలుగా వదిలాక, ఒంటికి ఆనించి, బిగించకుండా కొలవాలి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. పొట్ట కింద లుంగీ ముడి దగ్గర కొలిస్తే లెక్క తప్పుతుంది.

కొలతలయ్యాక సమోసా, కోలా పంచడం మరో ఘనత. పావు లీటరు కోలాలో సుమారు 26 గ్రాముల చక్కెర. చోడి అంబలి పుట్టిన నేలలో ఈ మర్యాద!

ఇక బజారు బాండీలు. నూనె మళ్లీ మళ్లీ కాగి చెడితే పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. నల్లబడి, నురగ కట్టి, బాగా వేడెక్కకముందే పొగలొస్తే పారబోయాల్సిందే. తనిఖీకి వచ్చేవాళ్లు ఆ బాండీలో పునుగులే తిని వెళ్తుంటే అడిగేదెవరు? పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే. అందులోని పామిటిక్ ఆమ్లమే మైక్రోగ్లియాను రెచ్చగొడుతుందని ప్రయోగాల్లో చూశారు.

తిండిలో నూనె, చక్కెర ఎంతుందో చెప్పే బోర్డులు పెట్టమని కేంద్రం 2025లో చెప్పింది. ఇక్కడ పెట్టేవేవో ఒడియాతో పాటు తెలుగులోనూ రాయండి. రెండు వరసలకు రంగు డబ్బా వేరే కావాలా?

- ఒక పాఠకుడు, పర్లాకిమిడి