గుంటలను దశాంశాలుగా చదవొద్దు

సంపాదకులకు నమస్కారం.

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఏ రైతు సంఘమైనా పాత రికార్డులను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాలనుకుంటే మొదట అడిగేది ‘ఏ టూల్ కొనాలి?’ అని. డేటా ఎంత, ఎన్నిచోట్ల నుంచి వస్తుంది, ఒక్కసారేనా రోజూనా అన్నది తేలాకే ఆ ప్రశ్న.

డేటాను దారిలోనే సవరించి ఎక్కించేది ఈటీఎల్ పద్ధతి. ఉన్నదున్నట్టు ఎక్కించి లోపల సవరించేది ఈఎల్‌టీ. ఒక్కసారి తరలించే కొన్ని వేల ఖాతాలకు రెండోదే మేలు. తప్పు బయటపడితే మూలం పక్కనే ఉంటుంది, క్వెరీ (డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశం) దిద్ది మళ్లీ నడపొచ్చు. పోస్ట్‌గ్రెస్ వంటి ఉచిత డేటాబేస్ చాలు. అయితే ముడి పట్టికలో, అంటే ఉన్నదున్నట్టు ఎక్కించిన పట్టికలో, ప్రతి కాలమ్ సంఖ్యగా కాక టెక్స్ట్‌గానే ఉండాలి.

ఎందుకంటే మన భూమి లెక్క అలాంటిది. ఎకరాకు 40 గుంటలు. పట్టాదారు పాస్‌బుక్‌లో 2.20 అంటే 2 ఎకరాల 20 గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. సాఫ్ట్‌వేర్ దశాంశంగా చదివితే 2 ఎకరాల 8 గుంటలే మిగులుతాయి. రైతుకు 12 గుంటలు పోయినట్టే! 1.30కి 1.30 కలిపితే 3.20 రావాల్సింది 2.60 వస్తుంది. అందుకే చుక్కకు ముందున్న సంఖ్యను 40తో హెచ్చవేసి, తర్వాతి రెండంకెలు కలిపి, మొత్తం గుంటల్లోనే దాచాలి. చుక్క తర్వాత 40 గానీ అంతకు మించి గానీ కనిపిస్తే ఆ వరుసను పక్కన పెట్టి మనిషే చూడాలి.

మధ్యలో సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలు) ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయొద్దు. 10/2 అనే సర్వే నంబరు తేదీగా మారిపోతుంది. ఖాతా నంబరు ముందున్న సున్నాలు రాలిపోతాయి. 15 అంకెలు దాటితే చివరివి సున్నాలవుతాయి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది కనుక పాత ఐఎఫ్‌ఎస్‌సీ (బ్యాంకు శాఖ) కోడ్‌లకు మార్పిడి పట్టిక విడిగా పెట్టుకోవాలి. ఒక్క ఊళ్లోనే నలుగురు యాదయ్యలుంటారు, పేరుతో జత కలపొద్దు. పట్టాదారు పాస్‌బుక్ నంబరే ఆధారం.

ఎక్కించాక వరుసల సంఖ్య, మొత్తం గుంటలు, బాకీలు ఊరివారీగా పాత లెక్కతో సరిచూడాలి. సంఘం మొత్తం ఒక్కటే చూస్తే ఒక ఊరి తప్పును ఇంకో ఊరి తప్పు కప్పేస్తుంది.

పలుచోట్ల నుంచి రోజూ డేటా వస్తుంటే డేటాను చేరవేసే నైఫై వంటి సాఫ్ట్‌వేర్ అవసరం పడుతుంది. ఎయిర్‌ఫ్లో అనే మరో సాఫ్ట్‌వేర్ పనుల వరుసనూ వేళనూ చూసుకుంటుంది, డేటాను తనంతట మార్చదు. టాలెండ్ ఓపెన్ స్టూడియో అనే ఈటీఎల్ టూల్ ఉచితమని ఇంకా చెబుతున్నారు; అది 2024 జనవరి 31తో ఆగిపోయింది.

పని ఎవరికిచ్చినా, ముడి పట్టికలూ సవరణ క్వెరీలూ సంఘానికే అప్పగించాలని ఒప్పందంలో రాయించుకోవాలి.

– కొందరు డేటాబేస్ ఉద్యోగులు, నల్లగొండ