మొక్కును మార్కుల లెక్కలోకి లాగవద్దు

సంపాదకులకు,

ఆర్యా,

గత ఆదివారం మీ అనుబంధంలో భక్తికీ జీవిత విజయానికీ ఉన్న సంబంధం మీద వచ్చిన వ్యాసం చదివాను. మతం మనిషి బతుకుకు ఒక అర్థం ఇస్తుందనీ, అందుచేత భక్తి ఉన్నవారే పైకి వస్తారనీ వ్యాసకర్త వాదించారు. మొదటి మాటతో నాకు పేచీ లేదు. రోజూ దీపం పెట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి, ఇప్పటికీ పెడుతున్నవాణ్ణి. పేచీ అంతా ఆ ‘అందుచేత’ దగ్గరే. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పి, హాల్‌టికెట్‌కు కుంకుమ అద్దుకుని వచ్చిన పిల్లల్ని వందల మందిని చూశాను కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

వ్యాసకర్త మాక్స్ వెబర్‌ను సాక్షిగా పిలిచారు. ఆ జర్మన్ పండితుడు 1904-05లో ప్రకటించిన వ్యాసాల్లో, భక్తికి ప్రతిఫలంగా దేవుడు సంపద ఇచ్చాడని ఎక్కడా అనలేదు. కొన్ని ప్రొటెస్టెంటు క్రైస్తవ శాఖల వాళ్ళు, తాము దేవుడు ఎంచుకున్నవారిలో ఉన్నామో లేమో తెలియని బెంగతో తమ వృత్తినే దైవకార్యంగా భావించి ఒళ్ళు వంచి పనిచేశారనీ, సంపాదించినది విలాసాలకు ఖర్చు చేయక మళ్ళీ వ్యాపారంలోనే పెట్టారనీ, పెట్టుబడి అలా పోగుపడిందనీ ఆయన అన్నారు. ఆ వాదాన్ని ఒప్పుకోని చరిత్రకారులు కూడా చాలామందే ఉన్నారు. ఆయన చెప్పిన దాంట్లో నిజం ఎంతో తేల్చడం నా పని కాదు గానీ, దాని నీడ మన ఊళ్ళలోనూ కనిపిస్తుంది. మా ఇంటి ప్రహరీకి ప్లాస్టరింగ్ చేసిన మేస్త్రీ ఏటా అయ్యప్ప మాల వేసుకుంటాడు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, మందు ముట్టకపోవడం. ఆ 41 రోజులూ కూలి డబ్బు దారిలో ఎక్కడా ఆగకుండా ఇంటికి చేరుతుంది. ఆయన భార్య ఇసుక జల్లిస్తూ, “మాల యేడాదంతా ఉంటే బాగుండు సారూ” అంది. మాల తీశాక ఏమవుతుందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

నియమం వల్ల కలిగే ఇటువంటి మేలును నేను కాదనను. కానీ నియమం పాటిస్తే ఫలితం తప్పదని పదేపదే చెప్పడం మొదలైన చోట, ఫలితం రానివాడి నియమంలోనే ఏదో లోపముందన్న అనుమానం కూడా మొదలవుతుంది. వ్యాసకర్త ఈ రెండో వైపు చూడలేదు.

నా విద్యార్థి ఒకడి తల్లిదండ్రులు పుణెలో భవనాల పనికి వెళ్ళేవారు. పిల్లవాడు దేవరకద్ర దగ్గరి ఒక పల్లెలో తాత దగ్గర ఉండి చదువుకునేవాడు. ఇంటర్ రెండో ఏడు పరీక్షలకు ముందు తల్లి ఆరు శనివారాలు ఒక్క పొద్దు ఉండి, కొడుకు పాసైతే కురుమూర్తి స్వామికి కొత్త కుండలో అన్నం వండి దాసంగం పెడతానని మొక్కుకుంది. పిల్లవాడు గణితంలో తప్పాడు. ఎవరో ప్రవచనం చెప్పే ఆయన ఆమెతో, నిష్ఠ చాలకపోతే అంతేనమ్మా అన్నారట. ఆమె మళ్ళీ ఉపవాసాలు మొదలుపెట్టింది, ఈసారి ఎండల్లో, సిమెంటు బస్తాలు మోస్తూ. పిల్లవాడు స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి, “ఫెయిలైంది నేను సార్, తప్పు తనదంటోంది” అన్నాడు. సప్లిమెంటరీలో కూడా తప్పాడు. అన్నేళ్ళ నా ఉద్యోగంలో వ్యాకరణం దగ్గర తడుముకున్నది తక్కువ, ఆ రోజు మాత్రం ఆ పిల్లవాడికి ఏం చెప్పాలో తోచలేదు.

జవాబు చెప్పింది తాతే. ఆ ఏడు కార్తీకంలో మనవణ్ణి వెంటబెట్టుకుని జాతరకు బయలుదేరితే, పిల్లవాడి కోసమని నేనూ వెళ్ళాను. పేదల తిరుపతి అని పేరుపడ్డ ఆ కొండల కింద మూడు రాళ్ళు పెట్టి, కొత్త కుండ ఎక్కించి, పచ్చి కట్టెల పొగకు కళ్ళు తుడుచుకుంటూ ఆయన అన్నం వండాడు. పాస్ కాలేదు కదా, మొక్కు ఎందుకు తీరుస్తున్నావని అడిగాను. “పాసైతెనే పోతమా సారూ? యేటా పోయేదే గద. పంట రాని యేడు గూడ పోయినం” అని, మనవడి చేతికి విస్తరి ఇచ్చి పచ్చిపులుసు పోశాడు. పుణె నుంచి ఆ ఉదయమే బస్సు దిగిన తల్లి ఆ మాట విని ఏమీ అనలేదు, కొడుకు పక్కన కూర్చుని తింది. పిల్లవాడు మరుసటి మార్చిలో పాసయ్యాడు; ఇప్పుడు జడ్చర్లలో మోటార్ల వైండింగ్ చేస్తున్నాడు. దీన్ని వ్యాసకర్త ఏ ఖాతాలో రాస్తారో నాకు తెలియదు.

అదే జాతరలో ఉద్దాల ఉత్సవం జరుగుతుంది. చిన్నవడ్డెమాన్‌లో దళితులు నియమంగా ఉండి స్వామికి తోలుతో పాదుకలు కుడతారు. వాటిని ఊరేగింపుగా తెస్తుంటే తలకు తాకించుకోవడానికి జనం తోసుకుంటారు. ఏడాది పొడవునా ఆ కుట్టినవాళ్ళను అరుగు మీద కూర్చోనివ్వని ఇళ్ళవాళ్ళు కూడా ఆ తోపులాటలో ఉంటారన్నది వేరే సంగతి, దాని మీద ఇంకో ఉత్తరం రాయవచ్చు. ఉద్దాలు కుట్టే మనిషికి వ్యాసంలో ఏకరువు పెట్టిన కార్లూ కంపెనీలూ లేవు. అయినా తోలు కోసే ముందు ఆయన చేతులు కడుక్కునే తీరు చూస్తే, ఆ పని విలువ ఏమిటో ఆయనకు ఎవరూ వివరించనక్కర లేదని తెలుస్తుంది.

హుజూర్‌నగర్ వైపు పనిచేసిన రోజుల్లో నా హాజరు పట్టీ నిండా సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అన్న పేర్లే. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుంటే పుట్టారని హిందువుల ఇళ్ళలో పెట్టుకున్న పేర్లవి. సైదులు ఫస్ట్ క్లాసులో పాసైనా, మూడుసార్లు తప్పినా ఆ పేరు వెనక్కి తీసుకున్న తల్లిని నేను చూడలేదు. జబ్బు తగ్గాలని అమావాస్య రాత్రి నల్లగొండ వైపు చెరువుగట్టు గ్రామంలోని శివాలయం దగ్గర నిద్ర చేసేవాళ్ళ సంగతీ అంతే. వాళ్ళలో చాలామందికి ముందు డాక్టరు కావాలి, ఆ మాట గట్టిగానే చెప్పాలి. అయితే జబ్బు నయం కాకపోయినా మళ్ళీ అమావాస్యకు చాప చుట్టుకుని వచ్చేవాళ్ళు, తమలాంటి కష్టం ఉన్న మరో వంద మంది పక్కన ఒక రాత్రి పడుకోవడానికి వస్తున్నారని నాకనిపిస్తుంది.

చివరగా మీకో మనవి. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో జిల్లా పేజీల్లో దేవుడి పాదాల దగ్గర పెన్నులు, హాల్‌టికెట్లు పెట్టిన ఫొటోలు వేస్తారు. వేయండి, తప్పులేదు. ర్యాంకు గ్యారంటీ అంటూ వచ్చే పూజల ప్రకటనలను మాత్రం తీసుకోకండి. అలాగే సప్లిమెంటరీ ఫలితాలు వచ్చిన మరునాడు, తప్పిన పిల్లలున్న ఒకటి రెండు ఇళ్ళకు కూడా మీ విలేకరిని పంపి, ఆ ఇళ్ళలో దీపం ఎవరు పెడుతున్నారో, ఏమనుకుంటూ పెడుతున్నారో రాయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకుడు,
దేవరకద్ర, మహబూబ్‌నగర్ జిల్లా