జబ్బు పెరిగింది, డోసు తగ్గింది

ఒరేయ్ లెక్కల పంతులూ,

తిట్టుకుంటూనే ఉంటావని తెలుసు, తిట్టుకో. నీ ఉత్తరాలు రెండూ నా కోటు జేబులోనే నలుగుతున్నాయి. ఇంట్లో అందరూ కులాసా. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. నా పెళ్లి ఊసెత్తావో, నీ కప్ప కథ మీ ఆవిడకి చెప్పేస్తాను. వార్తలు అయిపోయాయి. అసలు సంగతి వేరే ఉంది, అది నీకు చెబితే గాని నాకు నిద్ర పట్టదు.

మా వార్డులో ఒక పెద్దాయన చేరారు. కోవిడ్ న్యుమోనియా. (ఇంకా వస్తూనే ఉందిరా, మనమే మర్చిపోయాం.) ఆక్సిజన్ పెట్టాం. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ రోజుకి 6 మిల్లీగ్రాములు. డీ-డైమర్ (ఒంట్లో రక్తం గడ్డకడుతోందేమో సూచించే రక్తపరీక్ష) బాగా పెరిగింది, రక్తస్రావం అయ్యే లక్షణాలేమీ లేవు, అందుకని రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ పూర్తి డోసులో మొదలుపెట్టాం.

ఆయన కొడుకున్నాడు చూశావూ, అచ్చం నువ్వే. చేతిలో నోట్‌బుక్. ఏ ఇంజక్షన్ ఎన్ని గంటలకి, షుగర్ ఎంత, అన్నీ రాసుకుంటాడు. మొదటి రోజే పట్టుకున్నాడు: "స్టెరాయిడ్ ఒంట్లో రోగనిరోధక శక్తిని తగ్గిస్తుందంటారు కదండీ, వైరస్ లోపల ఉండగానే ఎలా ఇస్తారు?" మంచి ప్రశ్నే. జబ్బు రెండో వారానికి వచ్చేసరికి ఊపిరితిత్తుల్ని పాడుచేసేది వైరస్ కంటే ఎక్కువగా మన ఒంటి రోగనిరోధక శక్తి కోపమేనని, అంటే అది తెచ్చే వాపేనని చెప్పాను. ఆ వాపు గాలి తిత్తుల్ని నీటితో నింపుతుంది, పక్కనే ఉన్న సన్నటి రక్తనాళాల లోపలి పొరని కూడా దెబ్బతీస్తుంది, అక్కడ రక్తం గడ్డకడుతుంది. 2020లో చనిపోయినవాళ్ల ఊపిరితిత్తుల్ని సూక్ష్మదర్శిని కింద చూస్తే, ఆ సన్నటి నాళాల్లో గడ్డలు ఫ్లూతో పోయినవాళ్లలో కంటే తొమ్మిది రెట్లు కనిపించాయి. వాపుకి ఒక మందు, గడ్డకి ఒక మందు. తలూపాడు. రాసుకున్నాడు.

మూడో రోజు పెద్దాయనకి ఆయాసం పెరిగింది. ఐసీయూకి మార్చి హై ఫ్లో ఆక్సిజన్ పెట్టాం. హెపారిన్‌ని, గడ్డలు రాకుండా ఇచ్చే చిన్న డోసుకి తగ్గించాం. చార్టులో అది చూశాడు ఆ అబ్బాయి.

"జబ్బు పెరిగితే మందు తగ్గిస్తారా? మా నాన్న మీద ఆశ వదిలేశారా?"

ఆ కళ్లు చూస్తే నాకు నోట మాట రాలేదురా. విసుక్కోవాల్సిన వేళే, అప్పటికే నేను భోజనం కూడా చేయలేదు. కానీ బయటి బెంచీ మీద అతని పక్కన కూర్చుండిపోయాను. నీకు చెప్పినట్టే అంకెలతో చెప్పాను.

ఐసీయూ దాకా రానివాళ్లలో పూర్తి డోసు హెపారిన్ ఇస్తే, ఏ మెషీన్ సాయమూ అక్కర్లేకుండా బతికి బయటపడ్డవాళ్లు నూటికి 80.2. మామూలు పద్ధతిలో 76.4. బాగుంది కదా? అదే మందు అదే డోసులో ఐసీయూ వాళ్లకి ఇస్తే బతికి ఇంటికెళ్లినవాళ్లు 62.7, చిన్న డోసు వాళ్లలో 64.5. లాభం లేదు. పెద్ద రక్తస్రావాలు మాత్రం 2.3 నుంచి 3.8కి పెరిగాయి. 2021లో వచ్చిన హెపారిన్ ట్రయల్స్ ఫలితాలివి. హెపారిన్ ఉన్న గడ్డని కరిగించదు, కొత్తది కట్టకుండా, ఉన్నది పెరగకుండా చూస్తుందంతే. అప్పటికే ఆలస్యమైపోతుందేమో అని నా అనుమానం, కానీ అది...సరే, తర్వాత మాట్లాడుకుందాం.

"మరి స్టెరాయిడ్ ఎందుకు తగ్గించలేదు?" అన్నాడు. ఇక్కడుందిరా మజా! బ్రిటన్‌లో ఈ స్టెరాయిడ్‌ని రోగుల మీద పరీక్షించిన రికవరీ ట్రయల్ 2020 జూన్‌లో తేల్చింది చూడు: అది ఇస్తే, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో 28 రోజుల్లో చనిపోయినవాళ్లు 41.4 శాతం నుంచి 29.3కి తగ్గారు. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో 26.2 నుంచి 23.3. ఆక్సిజనే అక్కర్లేనివాళ్లలో అయితే లాభం లేదు సరికదా, 14 నుంచి 17.8 అయింది. అంటే జబ్బు ముదిరేకొద్దీ స్టెరాయిడ్ విలువ పెరుగుతుంది, పెద్ద డోసు హెపారిన్ విలువ పడిపోతుంది.

అతను మాట్లాడకుండా నోట్‌బుక్ తీశాడు. ఒక గీత పైకి, ఒక గీత కిందికి. రెండూ కలిసిన చోట చుక్క పెట్టి, "మా నాన్న ఇది దాటేశారు, అంతేనా?" అన్నాడు. ఇన్నాళ్లూ ఆ రెండు మందుల ట్రయల్స్‌నీ విడివిడిగా చదివానే గాని, నాకు ఒక్కసారీ ఆ బొమ్మ తట్టలేదు. మన మూడో బెంచీ సిద్ధాంతం గుర్తొచ్చి నవ్వాపుకోలేక చచ్చాను. అతనేమనుకున్నాడో పాపం.

అవునన్నాను. అతను అంతకన్నా ఏమీ అడగలేదు. స్టెరాయిడ్ దెబ్బకి పెద్దాయన షుగర్ మూడొందలు దాటింది, ఇన్సులిన్ పెట్టాం, కడుపులో రక్తస్రావం కాకుండా పాంటప్రజోల్ కూడా. ఇవాళ ఆక్సిజన్ కొంచెం తగ్గించగలిగాం. ఇంతకన్నా చెప్పను, దిష్టి తగులుతుంది.

నీ పరీక్షల గోల ఏమైంది? నువ్వు రాసిన ఆ రెండో విషయం గురించి నా ఉద్దేశం ఏంటంటే...సిస్టర్ పిలుస్తోంది, కొత్త కేసట. పోస్టు చేసేస్తున్నా, మిగతాది మళ్లీ.

నీ
కప్ప సాక్షి