మా ఊరి రాకాసి రాళ్లను కాపాడండి

సంపాదకులకు నమస్కారం.

ఆమదాలవలస దగ్గర దన్నానపేటలో ఇనుప యుగం నాటి సమాధి మీద ఒకే బండ పైకప్పులా పరిచి ఉంది. సుమారు 36 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. ఏ యంత్రమూ లేని రోజుల్లో దాన్ని ఎలా ఎత్తారో అని చూసినప్పుడల్లా ఆశ్చర్యమే.

మా ఊరి జీడితోటల వెనకా అలాంటి పాతకాలపు సమాధుల గుర్తుగా నిలబెట్టిన నిలువురాళ్లున్నాయి. మావాళ్లు రాకాసి రాళ్లంటారు. చిన్నప్పుడు పశువులు కాస్తూ వాటి నీడలోనే చద్దన్నం తినేవాళ్లం. మొన్న సంక్రాంతికి మనవడిని తీసుకెళ్తే ఏడింటిలో నాలుగే మిగిలాయి. ఒకదాని మొదట్లో నిధి కోసం తవ్విన నడుములోతు గొయ్యి! గట్టు మీది మట్టిలో ఒక కుండపెంకు కనిపించింది. లోపలంతా నలుపు, బయట ఎరుపు. వేలితో తడిమితే అంచు ఇంకా నున్నగానే ఉంది. అలాంటి సమాధుల్లో మామూలుగా దొరికేవి ఈ కుండలు, ఇనుప పనిముట్లు, ఎముకలే. బంగారం కోసం రాత్రిపూట గునపాలు పట్టుకొచ్చేవాళ్లకు ఈ సంగతి ఎవరు చెప్తారు? పది రూపాయలకు మించిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలని 1878 నుంచే చట్టం ఉంది.

శాలిహుండం బౌద్ధ స్తూపాలు, శ్రీముఖలింగం గుడి గురించి మన పిల్లలకు ఎంతోకొంత తెలుసు. ఈ రాళ్ల గురించి బడిలో ఒక్క ముక్కయినా చెప్పరు, నాకు అదే బాధ. పురావస్తు శాఖవారు ఒక్కసారి వచ్చి, మిగిలిన నాలుగు రాళ్లనైనా కొలతలు, ఫొటోలతో నమోదు చేసి, చుట్టూ కంచె వేయించి, తెలుగులో బోర్డు పెట్టించాలని వేడుకుంటున్నాను.

పెంకును ఉన్నచోటే మట్టి కప్పి వచ్చాను. వాళ్లు వస్తే నేనే దగ్గరుండి చూపిస్తాను.

— ఒక రైతు, శ్రీకాకుళం జిల్లా